జాన్ సాహెబు ఇంకని గుంత

వాన వెలిసి వారం దాటింది. జాన్ సాహెబు కొత్తింటి ఈశాన్యం మూల తవ్విన గుంతలో నీళ్ళు మాత్రం పడ్డవి పడ్డట్టే ఉన్నాయి.

పల్నాడులో గుంతలో నీళ్ళు నిలిస్తే పండగ చేసుకోవాలి గానీ తల పట్టుకోవడం ఏమిటని అడగొచ్చు. ఇక్కడి వాన సంగతి తెలిసిందే. రావలసినప్పుడు రాదు. వచ్చిందంటే పెళ్ళివారంతా ఒకే బస్సులో దిగినట్టు ఒక్క పూటలో దిగి, వీధులన్నీ తొక్కి, తెల్లారేసరికి మురుగు కాలవలో పడి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత నెలల తరబడి బోర్లు గాలి కక్కుతుంటాయి. అలా పారిపోయే నీటిని పట్టి భూమిలోకి దింపడానికే కొత్తగా ఇల్లు కట్టేవాళ్ళు ఇంకుడు గుంత తవ్వాలన్నారు. గుంత పని నీళ్ళు నిలపడం కాదు, మింగడం. జాన్ సాహెబు గుంత మింగడం లేదు. పుక్కిట పట్టుకుని కూర్చుంది.

జాన్ సాహెబు తాపీ మేస్త్రీ. నరసరావుపేటలో కోటప్పకొండ రోడ్డు మొదలు వినుకొండ రోడ్డు దాకా ఆయన చెయ్యి పడని సందు అరుదు. దారిన పోతూ పోతూ తను కట్టిన గోడ కనపడితే అరచేత్తో ఒకసారి తట్టి, బానే ఉన్నావా అన్నట్టు చూసి పోవడం ఆయనకు అలవాటు. ఊరందరికీ ఇళ్ళు కట్టిన మనిషి అరవై దాటేదాకా అద్దె ఇంట్లోనే గడిపాడు. ఈ వృత్తిలో అదేం వింత కాదు. ఎట్టకేలకు పల్నాడు రోడ్డు అవతల చిన్న స్థలంలో రెండు గదులు, వంటిల్లు, ముందు పంచ లేపాడు. గడపలు ఎక్కాయి, కిటికీలు పట్టాయి, నేల మీద మాచర్ల బండలు పరుచుకున్నాయి. కరెంటు ఒక్కటే రాలేదు.

కరెంటు మీటరు రావాలంటే, ఇల్లు ప్లాను ప్రకారమే ఉంది, కాపురం పెట్టుకోవచ్చు అని మునిసిపాలిటీ వాళ్ళు సర్టిఫికెట్ ఇవ్వాలట. దాన్ని ఊళ్ళో అందరూ ఓసీ అంటారు. ఓసీ రావాలంటే ఇంకుడు గుంత ఉండాలి. ఉంటే చాలదు, ఇంకాలి.

ఇవతల అద్దె ఇంటి ఆసామి ఆ పాతిల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు లేపే పనిలో ఉన్నాడు. బక్రీదు దాకా ఉండమన్నాడు. బక్రీదు వెళ్ళింది. మంచివాడు గనుక సామాన్లు బయట పెట్టలేదు గానీ, వెనక వంటింటి రేకులు విప్పించుకుపోయాడు. జాన్ సాహెబు భార్య రబియా టార్పాలిన్ పట్టా కింద కూర్చుని వంట చేస్తోంది. పట్టా మీద పావురం నడిచినా పిండిలో దుమ్ము రాలుతోంది. పోయిన వానకు పట్టా ఒక మూల చిరిగింది. ఇంకో వానకు ఆగదు.

"ఊరోళ్ళ నెత్తిన కప్పులేసినావు గదయ్యా, నా నెత్తిన ఎప్పుడేస్తావ్?" అంటోంది రబియా, రొట్టె తిరగేసినప్పుడల్లా.

ఈ ఓసీ నిబంధనల గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. ఇంటి చుట్టూ ఇంత జాగా వదలాలి, మొక్కలు పెట్టాలి, పెద్ద మేడలైతే నీళ్ళు ఎండతో కాగాలి, వాన నీరు గేటు దాటి వీధిన పడకూడదు. వినడానికి కొత్త గానీ, ఒక్కొక్కదాన్నే విప్పి చూస్తే పల్నాడు ముసలమ్మలు ఎప్పుడో చెప్పినవే. వేసవి రాకముందే మిద్దె మీద చిక్కగా సున్నం కొట్టించేవాళ్ళు. తెల్లటి మిద్దె కింద మధ్యాహ్నం కునుకు పడుతుందని వాళ్ళకు ఏ ఇంజనీరూ చెప్పలేదు. ఇప్పుడు దానికి చల్లని పైకప్పు అని పేరు పెట్టి డబ్బాల్లో రంగు అమ్ముతున్నారు. ముసలమ్మ చెబితే వినం, డబ్బా మీద రాసి ఉంటే వింటాం. మనిషి స్వభావం ఎక్కడైనా అంతే.

నిబంధన పుట్టిన చోటే దాన్ని తప్పించుకునే తోవ కూడా పుడుతుంది. జాన్ సాహెబు వీధిలో నల్ల సంచిలో ఒక కానుగ మొక్క ఉంది. అది ఏ ఇంటిదో ఎవరూ చెప్పలేరు. మునిసిపాలిటీ ఫోటో ఉన్న రోజు ఏ గుమ్మం ముందుంటే ఆ ఇంటిది. ఫోటో అయ్యాక పక్క గుమ్మానికి నడుస్తుంది. ఆ మొక్కకున్నన్ని ఇళ్ళు ఊళ్ళో ఏ ఆసామికీ లేవు. పాపం, వేరు దించడానికి మాత్రం దానికెక్కడా జాగా దొరకలేదు.

ఆ ఫోటోలు తీసేది దయామణి. వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ. ఎడ్లపాడు అమ్మాయి, సివిల్ డిప్లొమా చదివింది. స్కూటీ మీద వచ్చి, గేటు ముందే హెల్మెట్ తీసి, ఇల్లంతా కొలిచి, ఫోటోలు తీసి ఫోనులో పైకి ఎక్కిస్తుంది. అన్నీ చూసి చివరికి గుంత దగ్గరకొచ్చింది. మూత బండ పక్కకు జరిపించి వంగి చూసింది.

"బాబాయ్, ఇదేంది?"

"గుంతమ్మా."

"గుంతే. లోపల నీళ్ళేంది?"

"వాన నీళ్ళు."

"వాన ఎప్పుడు పడింది?"

"పోయిన గురువారం గాదూ."

"ఇయాల శుక్రవారం. నిన్న పడ్డట్టు నిండుగా ఉన్నయ్."

"బాలేదా అమ్మా? నిండుగా ఉంటే మంచిదే గదా."

దయామణి నవ్వు ఆపుకుంది. "ఇంకుడు గుంత బాబాయ్, నీళ్ళ తొట్టి కాదు. ఈ ఫోటో ఎక్కిస్తే పైనున్న సారు నాకు ఫోన్ చేసి, పేటలో ఈత నేర్పుతున్నారా అనడుగుతాడు. ఇంకనియ్యి. ఇంకినాక ఒక్క ఫోన్ కొట్టు, వచ్చి తీసుకుంటా."

స్కూటీ ఎక్కబోయి, మళ్ళీ వెనక్కొచ్చి ఇంకోసారి గుంతలోకి చూసింది. "కానీ ఎందుకు ఇంకట్లా?" అని తనలో తను అనుకుంటున్నట్టు అని వెళ్ళిపోయింది.

ఆ మాట అనకుండా పోయినా సరిపోయేది. జాన్ సాహెబు సంగతి ఆమెకు తెలియదు.

పక్కింటి సీతారావమ్మకు తెలుసు. నూజెండ్ల వైపు మోతుబరి కుటుంబం మనిషి. పొలం కౌలుకిచ్చి పేటలో రెండంతస్తుల మేడ కట్టించుకుంది. కట్టింది జాన్ సాహెబే. ఆమె గుంతా ఆయన తవ్విందే. ఓసీ కూడా మొన్న ఎండాకాలంలోనే వచ్చేసింది. పిట్టగోడ మీద మోచేతులానించి అంతా వింది.

"జాన్ సాయిబూ, దీనికింత ఆలోచనేంది? మా మోటారు పెట్టి తోడెయ్. పావుగంట పని. గుంత ఎండిద్ది, ఆ పిల్లొచ్చి ఫోటో తీసుకునిద్ది, నువ్వు కాపురానికొస్తావ్."

"అక్క చెప్పింది వినయ్యా," అంది రబియా. చెంగుతో మొహం తుడుచుకుంటూ అప్పుడే గేటు తీసుకుని వచ్చిందామె.

"తోడితే ఎండుద్ది," అన్నాడు జాన్ సాహెబు. కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి. "కానీ ఎందుకు ఇంకట్లేదే?"

రబియా నెత్తిన చెయ్యి పెట్టుకుంది. ఆ 'ఎందుకు' అనే మాటతో ఆమె కాపురం చేయబట్టి చాలా ఏళ్ళయింది. ఎందుకు అని ఒకసారి ఆమె కుట్టుమిషను విప్పితే మిషను మళ్ళీ కుట్టింది గానీ, రెండు మరలు మిగిలిపోయాయి. అవి ఎక్కడివో ఆయనకు ఇప్పటికీ తేలలేదు. ఇప్పటికీ జేబులో వేసుకు తిరుగుతాడు.

ఈ జబ్బు చిన్నప్పటిది. జాన్ సాహెబు తండ్రి అబ్దుల్ జబ్బార్ పిడుగురాళ్ళలో సున్నం పని చేసేవాడు. ఆ చుట్టుపక్కల భూమిలో ఎక్కడ గునపం వేసినా సున్నపురాయే. బట్టీలో రాయిని రోజుల తరబడి కాలిస్తే అది తెల్లగా, తేలికగా, పైకి చల్లారినట్టుగా బయటికొస్తుంది. దాని మీద నీళ్ళు పోస్తే బుసబుస పొంగి ఉడుకుతుంది. అది చూసిన పిల్లవాడు జాన్‌కు నిద్ర పట్టలేదు. రాయి చల్లగానే ఉంది, నీళ్ళూ చల్లగానే ఉన్నాయి, కింద పొయ్యి లేదు, మరి వేడి ఎక్కణ్ణుంచి వస్తోంది? తేల్చుకోవడానికి ఎడం చెయ్యి లోపల పెట్టాడు. అరచేతిలో ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అబ్దుల్ జబ్బార్ ముందు చెంప మీద ఒకటిచ్చాడు, తర్వాత కొబ్బరినూనె రాశాడు, ఆ తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు: "బట్టీలో ఆ రాయి నిప్పు తాగింది బేటా. తాగిందంతా దాచుకుని ఉంది. నీళ్ళు తగలగానే కక్కేసింది." పెద్ద పుస్తకాలు ఇదే సంగతిని పేజీల కొద్దీ చెబుతాయి. ఇంతకంటే బాగా చెప్పవు.

అబ్దుల్ జబ్బార్‌కు సొంత గానుగ ఉండేది. గుండ్రటి కాలవ, అందులో తిరిగే రాతి చక్రం, దాన్ని లాగే దున్నపోతు. సున్నం, ఇసుక, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు వేసి వెన్నలా నూరేవాడు. తర్వాత సిమెంటు వచ్చింది. కొడుకు సిమెంటు వైపు వెళ్ళాడు. ఆ విషయంలో ఇంట్లో గొడవేమీ జరగలేదు. ముసలాయన ఒక్క మాట అన్నాడు: "సిమెంటు తొందరపాటు మనిషిరా. తెల్లారేసరికి గట్టిపడుద్ది. మన సున్నం తీరిగ్గా గట్టిపడుద్ది, తీరిగ్గా బతుకుద్ది." దున్నపోతు చచ్చిపోయాక గానుగ ఆగింది. కొన్నాళ్ళకు ఆయనా పోయాడు. రాతి చక్రం ఎవరో గుడిసె ముందు అరుగుగా వేసుకున్నారు.

ఇక గుంత దగ్గరకొద్దాం.

జాన్ సాహెబు మొదట నేలను అనుమానించాడు. నరసరావుపేట చుట్టూ నల్లరేగడి ఎక్కువ. తడిస్తే ఉబ్బి, ఒక్క చుక్కను కిందికి పోనివ్వదు. కానీ ఇక్కడ రేగడి పైన మూరెడే. దాని కింద గరపనేల, గులకరాళ్ళు కలిసిన ఎర్రమన్ను. తవ్వింది తనే, చూసింది తనే. అయినా నమ్మకం చాలక గుంత పక్కనే చిన్న గొయ్యి తీసి, గరప తగిలేదాకా దింపి, రెండు బిందెలు కుమ్మరించాడు. మధ్యాహ్నం అన్నానికి వెళ్ళొచ్చేసరికి గొయ్యి ఖాళీ. నేల దాహంగానే ఉంది. అయితే నేల దోషం కాదు.

రెండో అనుమానం: ఇంకుతున్నా ఇంకుతున్నట్టు తెలియడం లేదేమో. ఏ కుళాయి పైపో భూమిలో కారుతూ, పోయినంతా మళ్ళీ నింపుతోందేమో. తనే పోయి రబియా పసుపు డబ్బా తెచ్చి గుంతలో సగం కుమ్మరించాడు. కొత్త నీళ్ళు కలుస్తుంటే రంగు పలచబడాలి గదా. గోడ మీద నీటి అంచున బొగ్గుతో గీత గీశాడు. పొద్దున్న చూస్తే రంగు రంగే, గీత గీతే. నీళ్ళు రాలేదు, పోలేదు.

"గుంతకు పసుపు పెట్టినావ్, ఇంక బొట్టు పెట్టి చీర కట్టు," అంది రబియా. "నా కూరలో పసుపు లేదియాల."

గోడ అవతలి నుంచి సీతారావమ్మ అందుకుంది. "ఈశాన్యంలో నీళ్ళు నిలవడం మంచి శకునం సాయిబూ. గంగమ్మ తల్లి వెతుక్కుంటా నీ ఇంటికొచ్చింది. మా వాస్తు సిద్ధాంతి చూస్తే కళ్ళకద్దుకుంటాడు."

ఇక్కడ వాస్తుకు మతం లేదు. మసీదు వీధిలోనూ గుంత ఈశాన్యంలోనే తవ్వుతారు. ఎందుకని జాన్ సాహెబు చాలామందిని అడిగాడు, ఎవరి జవాబూ ఆయనకు ఆనలేదు. అది ఇంకో కథ.

"గంగమ్మ వస్తే సంతోషమే అక్కా," అన్నాడు. "వచ్చినావిడ కిందికి దిగకుండా నా గుంతలో ఎందుకు కూర్చుందో తెలుసుకోవాల."

ఆ మధ్యాహ్నం కొండవైపు ఆకాశం నల్లబడింది. రబియా మబ్బు వంక చూసింది, గుంత వంక చూసింది, మొగుడి వంక చూసింది. ఈసారి వేళాకోళం చేయలేదు. నెమ్మదిగా అంది:

"నీకు తెలుసుకోవడం ముఖ్యం. నాకు వంటిల్లు ముఖ్యం. మోటారు పెడితే ఈపాటికి అయిపోయేది. ఇయాల పట్టా మీద వాన పడితే పొయ్యి ఆరిపోద్ది. ఆరిన పొయ్యి ఎందుకారిందని నువ్వు విప్పి చూస్తా ఉండు, నేను మా తమ్ముడింటికి మాచర్ల పోతా."

ఆమె మాటలో అబద్ధం లేదు. తోడాల్సిందే. జాన్ సాహెబు లేచి పోయి సీతారావమ్మ మోటారుకు తాడు కట్టి దింపాడు. పసుపు నీళ్ళు పెరట్లో మొక్కలకు పారాయి. నీటి కింద రాళ్ళు తేలాయి. ఫోను తీసి దయామణికి కొట్టాలి. అంతవరకూ వచ్చాడు. ఎందుకో గడ్డపలుగు తీసుకుని లోపలికి దిగాడు, ఒక రాయి పైకి తీసి అడుగు చూద్దామని.

రాయి రాలేదు. పలుగు కింద దోపి మీదికి ఒత్తాడు. రాలేదు. ఇంకో రాయి పట్టాడు. అదీ అంతే. గుంతలో వదులుగా పోసిన రాళ్ళు ఒకదాని భుజం ఒకటి పట్టుకుని, ఊడిరామని కూర్చున్నాయి. పలుగుతో బలంగా ఒక పోటు పొడిస్తే ఖంగుమంది. చిన్న పెచ్చు లేచింది. దాన్ని వెలుతురులోకి తిప్పి చూశాడు. లోపల తెలుపు, ఆ తెలుపులో ఎర్రటి నలకలు. నాలుక కొసకు తగిలించుకున్నాడు.

ఆ తర్వాత గుంతలోనే చతికిలబడ్డాడు. నవ్వడం మొదలుపెట్టాడు.

"అక్కా, ఒకసారి రా," అని రబియా గోడ వైపు పిలిచింది. "మనిషి గుంతలో కూసోని నవ్వుతున్నాడు."

జరిగింది ఇది. ఇంకుడు గుంతలో గట్టి నల్లరాయి, కడిగిన కంకర వేయాలి. జాన్ సాహెబు ఇంటి పని చివరికొచ్చేసరికి నల్లరాయి మిగల్లేదు. పిడుగురాళ్ళ నుంచి తిరిగొచ్చే ట్రాక్టరు తెలిసినవాడిది. బట్టీలో సగం కాలి పక్కన పడేసిన రాళ్ళు ఒక లోడు తెచ్చి దింపాడు. రాయి రాయే గదా, పైగా పుట్టినూరి రాయి అనుకున్నాడు జాన్ సాహెబు. దాంతో పాటు పెరట్లో పేరుకున్న విరిగిన ఇటుకలూ, ఇటుక పొడీ ఊడ్చి అందులోనే పోశాడు. అక్కడితో ఆగినా గుంత కొంతైనా ఇంకేదేమో. కానీ మేస్త్రీ చెయ్యి ఊరుకోదు. వదులుగా పోసింది చూస్తే ప్రాణం ఒప్పదు. దిమ్మిసతో అడుగంతా కూరాడు. మట్టి జారకుండా పక్కలకు తాపీతో ఎగదోసి మెత్తాడు. ఇక చివరి తప్పు తలుచుకుంటే ఆయనకే నవ్వు ఆగడం లేదు. సాయంత్రం ఇంటి గోడలకు నీళ్ళు పడుతూ, చేతిలో పైపు ఉంది గదా అని రోజూ గుంతకు కూడా నీళ్ళు పట్టాడు.

సున్నం, ఇటుక పొడి కలిపి, కూరి, తడిపితే ఏమవుతుందో ఆయన తండ్రి ఆయనకు చిన్నప్పుడే చెప్పాడు. నీళ్ళలోనే గట్టిపడుతుంది, ఆ తర్వాత నీళ్ళను దాటనివ్వదు. పూర్వం రోము పట్నం వాళ్ళు సముద్రంలో గోడలు కట్టడానికి సున్నంలో అగ్నిపర్వతం బూడిద కలిపేవాళ్ళట. మనకు అగ్నిపర్వతాలు లేవు, ఇటుక బట్టీలున్నాయి. కాలిన మట్టి ఏదైనా సున్నానికి ఒకటే చుట్టం. మన తాతలు పాత ఇటుకలు దంచి ఆ పొడి కలిపేవాళ్ళు. దాన్నే గచ్చు అనేవాళ్ళు. జాన్ సాహెబు ఇంకుడు గుంత తవ్వాననుకుని, తెలియకుండానే గచ్చు తొట్టి కట్టాడు. అదీ తండ్రి చేతి పనిలా నున్నగా.

రబియా అంతా వింది.

"ఇన్నేళ్ళు సిమెంటు పోసినావు, మామ ఒక్కరోజు గుర్తు రాలేదు నీకు," అంది. "గుంత తవ్వితే ఆయనే వచ్చి అడుగున కూసున్నాడు. ఇప్పుడేం చేస్తావ్? ఫోన్ కొట్టు, ఎండింది గదా."

జాన్ సాహెబు ఫోను తీసి దయామణికి కొట్టాడు. "ఎండింది" అని చెప్పడానికే కొట్టాడు. నోట్లోంచి మాత్రం వేరే మాట వచ్చింది.

"అమ్మా, ఎందుకు ఇంకట్లేదో తెలిసింది."

రబియా నుదురు కొట్టుకుంది. అవతలి నుంచి దయామణి, "ఆగు బాబాయ్, వస్తన్నా," అని పెట్టేసింది. ఆఫీసు టైమయిపోయినా వచ్చింది. చెప్పులు విప్పి గుంతలోకి దిగి, ఆ పెచ్చును గోటితో గీకింది.

"మా ఊరి పక్కనే గదా కొండవీడు," అంది. "చిన్నప్పుడు కొండెక్కితే పైన పాత చెరువులుంటయ్. ఎండాకాలంలో గూడా నీళ్ళు. కొండ నెత్తిన నీళ్ళెట్టా నిలబడ్డయ్యని మా నాన్నని అడిగితే రాజులు కట్టారే అనేవాడు. రాజులు కడితే మాత్రం నీళ్ళు మాటింటయ్యా? ఇట్టాంటిదేదో మెత్తుంటారు బాబాయ్. ఇటుక పొడి ఎంత పోసినావ్?"

"లెక్కెవరు చూశారమ్మా. ఊడ్చి పోశా."

ఇద్దరూ గుంత గట్టున కూర్చుని సున్నం గురించి మాట్లాడుకున్నారు. రబియా టీ పెట్టింది, కొత్తింటి వంటింట్లో, కరెంటు లేకుండానే. ఆ పొయ్యి మీద అదే మొదటి వంట. ఆ సంగతి ఆమె ఒక్కతే గమనించింది, ఎవరికీ చెప్పలేదు.

టీ గ్లాసు కింద పెట్టి దయామణి అసలు విషయానికొచ్చింది. "నీళ్ళు భూమిలోకి పోవాల. ఇది పోనియ్యదు. పగలగొట్టు."

జాన్ సాహెబు పెచ్చును వేళ్ళ మధ్య తిప్పాడు. "పగలగొడతానమ్మా, తప్పదంటే. కానీ పక్కనే ఇంకో గుంత తవ్వి, ఇది నిండి పొర్లింది అందులోకి పోయేట్టు పైపు పెడితే? మొదటిది ఇంటికి, రెండోది నేలకి."

దయామణి ఆలోచించింది. "రెండోది ఇంకితే చాలు నాకు. మొదటిది నీ ఇష్టం. కానీ ఈసారి ఏం పోస్తావ్?"

"నల్లరాయి. కడిగింది."

"దిమ్మిస?"

"దాని జోలికి పోను."

"నీళ్ళు పట్టడం?"

"పైపు రబియా దగ్గర పెట్టేస్తా."

మొదట తను గొయ్యి తీసి నీళ్ళు పోసి చూసిన చోటే రెండో గుంత పడింది. అక్కడ నేల దాహం ముందే తెలుసు గదా. రాళ్ళు పోస్తున్నంతసేపూ ఆయన చెయ్యి దిమ్మిస కోసం వెతికింది. రబియా దాన్ని సీతారావమ్మ మేడ మీద దాచింది.

ఆ పని అయ్యేసరికి, ఆ రోజు మబ్బు చూపించి ముఖం చాటేసిన వాన వచ్చింది. అద్దె ఇంట్లో పట్టా నిజంగానే ఆగలేదు. రబియా పొయ్యి మీది గిన్నె అట్టాగే పట్టుకుని, కొంగు కప్పుకుని కొత్తింటికి నడిచొచ్చింది. మొగుడు అప్పటికే పంచలో గొడుగు లేకుండా నిలబడి ఉన్నాడు. మిద్దె మీది నీళ్ళన్నీ పైపులోంచి మొదటి గుంతలో పడుతున్నాయి. అది నిండింది. పొర్లి రెండో దాంట్లోకి దూకింది. అక్కడ నీళ్ళు రాళ్ళ మధ్య గుటకలు వేస్తూ దిగిపోతున్నాయి. దాహంతో ఉన్న ఎద్దు తొట్టి దగ్గర చేసే చప్పుడు అది. ఇద్దరూ గిన్నెలోని అన్నం అక్కడే నిలబడి తింటూ విన్నారు. తిట్టాలనుకున్నవన్నీ రబియా వాయిదా వేసింది.

మర్నాడు పొద్దున్నే దయామణి వచ్చి రెండో గుంత మూత జరిపింది. రాళ్ళు తడిగా మెరుస్తున్నాయి, నీళ్ళు లేవు. ఫోటో తీసి, చూసి, పగలబడి నవ్వింది.

"ఏందమ్మా?"

"ఈ ఫోటోకీ, ఆ రోజు నువ్వు మోటారు పెట్టి తోడి తీసుంటే వచ్చే ఫోటోకీ తేడా ఏంది బాబాయ్? ఖాళీ గుంత, ఖాళీ గుంతే."

జాన్ సాహెబు ఫోను దగ్గరగా పెట్టుకుని, కళ్ళజోడు పైకెత్తి చూశాడు. "ఏం తేడా లేదమ్మా," అన్నాడు, ఆశ్చర్యంగా.

"ఇది నాకు ముందే తెలుసు," అంది రబియా.

సీతారావమ్మ గోడ మీద నవ్వుతోంది. ఆ నవ్వు చూశాక జాన్ సాహెబుకు ఇంకో సంగతి తట్టింది. తట్టినప్పుడు ఊరుకునే మనిషైతే ఈ కథే లేదు.

"అక్కా, మీ గుంతలో గూడా నేను కూరింది బట్టీ రాయీ, ఇటుక పొడేగా?"

"అయితే?"

"ఒకసారి మూత తీద్దామా?"

"ఎండాకాలంలోనే ఫోటో తీసి సర్టిఫికెట్ ఇచ్చారు, ఇప్పుడు మూత తీయడమేంది?"

అప్పటికే జాన్ సాహెబు గేటు దాటాడు. దయామణి వెనకే ఉంది. మూత బండ జరిగింది. కింద ఆకాశం కనిపించింది, మబ్బుతో సహా.

సీతారావమ్మ చాలాసేపు చూసింది. "ఇన్నాళ్ళూ నా ఇంట్లో చెరువుంచుకుని నేను నీళ్ళ ట్యాంకరు తెప్పించుకుంటున్నానా?" అంది. తర్వాత దయామణి వైపు తిరిగింది. "అమ్మాయ్, నువ్వు ఇయాల మా ఇంటికి రాలేదు."

"రాలేదు పిన్నీ. రెండో గుంత తవ్వినాక వస్తా. తవ్వకపోతే ఊరికే వస్తా."

ఓసీ వచ్చింది, మీటరు వచ్చింది. సామాన్లు ట్రాలీ ఆటోలో వచ్చాయి. కానుగ మొక్కను సీతారావమ్మ తన చేతులతో సంచి చించి, రెండు గేట్ల మధ్య నాటించింది. తిరిగి తిరిగి అది అలిసిపోయిందని ఆమె వాదన. రబియా దిగీ దిగడంతోనే మొదటి గుంతలోంచి బిందెడు నీళ్ళు తోడి పంచ కడిగింది. మాచర్ల బండలు నల్లగా మెరిశాయి. రెండో బిందె తోడుతూ ఆగింది.

"ఇవి తాగొచ్చంటావా?"

"తెలవదు," అన్నాడు జాన్ సాహెబు. "చూడాల."

గట్టున మోకాళ్ళ మీద కూర్చుని, మచ్చ ఉన్న ఎడం చెయ్యి లోపలికి పెట్టాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. చేతిని వెంటనే తీయలేదు.